వంకర ఎక్కడుంది?

సాహిత్యాన్నీ సమాజాన్నీ విమర్శించడానికి ఉద్దేశించిన పత్రికలో బండి చక్రాల గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. కనిపించే లక్షణం నుంచి కనిపించని కారణం దాకా నడిచి వెళ్ళడమే విమర్శ అయితే, ఆ నడక నేర్చుకోవడానికి ఒక కావ్యం ఎంత పనికివస్తుందో పాత పికప్ బండి ముందు చక్రం కూడా అంతే పనికివస్తుంది. పైగా చక్రం విషయంలో ఒక సౌకర్యం ఉంది. కావ్యం గురించి తప్పు తీర్పు చెప్పినవాడు మరునాడు కూడా నిశ్చింతగా ఉపన్యాసం ఇవ్వగలడు. చక్రం గురించి తప్పు తీర్పు చెప్తే కొన్ని వారాల్లోనే టైరు లోపలి దారాలు బయటపడి సమాధానం చెప్తాయి.

నేను ప్రొద్దుటూరులో చాలా ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పిన బడిపంతులును. బండి నాది కాదు, మా అక్క కొడుకుది. పులివెందుల దగ్గర వాళ్ళకు చిన్న చీనీతోట ఉండేది. బోరు అడుగంటి చెట్లు ఎండిపోయిన తర్వాత అతను ఒక పాత పికప్ కొన్నాడు. కొంత రొక్కం, మిగతాది కంతులు. పులివెందుల వైపు నుంచి చీనీకాయలో అరటిగెలలో ప్రొద్దుటూరుకు తోలడం, తిరుగు ప్రయాణంలో ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళో సిమెంటు మూటలో ఎత్తుకోవడం - ఇదీ అతని జీవనం. కొన్నప్పుడు బండికి కొత్త రంగు వేసి ఉంది. ఆ రంగు కింద ఏముందో మూడు నెలల తర్వాత టైర్లు చెప్పాయి.

లక్షణాలు మూడు. ఒకటి, చేతులు వదిలితే బండి ఎడమకు లాగుతుంది. రెండు, తిన్నగా పోతున్నప్పుడు కూడా స్టీరింగు చక్రాన్ని కొద్దిగా కుడికి తిప్పి పట్టుకోవలసి వస్తుంది. మూడు, ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగిపోతున్నాయి. ఎడమది మరీ ఎక్కువ. అరిగిన చోట చేయి పెట్టి అడ్డంగా నిమిరితే ఒక దిక్కుకు నున్నగా, ఎదురు దిక్కుకు రంపం పళ్ళలాగా తగులుతుంది.

అతను నాలుగు షాపులు తిరిగాడు. ఒకచోట చక్రాల కోణం సరిచేశారు. కొన్ని వందల కిలోమీటర్లు బాగా నడిచి మళ్ళీ మొదటికి వచ్చింది. ఇంకొకచోట టైర్లు నాసిరకమన్నారు, కొత్తవి వేయించుకున్నాడు. రెండు టైర్ల ఖరీదు అతని నెల కంతుకు దగ్గర దగ్గరగా ఉంది. మూడోచోట స్టీరింగు చక్రాన్ని ఊడబీకి, పళ్ళ మీద కొద్దిగా జరిపి, తిన్నగా కనిపించేటట్టు మళ్ళీ కూర్చోబెట్టారు. నాలుగోచోట ఎడమ టైరును కుడికీ, కుడి టైరును ఎడమకూ మార్చారు.

ఈ నాలుగు మరమ్మతులకూ ఒక సామాన్య గుణం ఉంది. ప్రతి ఒక్కటీ లక్షణాన్ని కనబడకుండా చేసింది, ఏ ఒక్కటీ కారణాన్ని అడగలేదు. వీటిలో మూడోది ప్రత్యేకంగా గమనించదగినది. స్టీరింగు పెట్టెలోని పళ్ళచక్రాలను సరిగ్గా నడిమధ్య స్థానంలో వదులు అతి తక్కువగా ఉండేటట్టు తయారుచేస్తారు, ఎందుకంటే బండి ఎక్కువకాలం తిన్నగానే పోతుంది. చక్రాల మొగం అట్లాగే వంకరగా ఉంచి, పైన ఉన్న స్టీరింగు చక్రాన్ని మాత్రం తిన్నగా బిగిస్తే ఏమవుతుంది? లోపలి పెట్టె మధ్య స్థానం తప్పి పనిచేస్తుంది. చేతిలో వదులు పెరుగుతుంది. ఒకవైపు మలుపు ఎక్కువగా, రెండోవైపు తక్కువగా తిరుగుతుంది. అంటే, డ్రైవరుకు తప్పును తెలియజేస్తున్న ఒకే ఒక సాక్షిని నోరు మూయించి, దానికి మరమ్మతు అని పేరు పెట్టారన్నమాట. మన సమాజంలో ఇట్లాంటి మరమ్మతులకు కొదవలేదు. ఫలితాలు తక్కువగా వస్తున్నాయని ప్రశ్నపత్రాన్ని తేలిక చేసే విద్యాశాఖ వంటిదే ఇది కూడా.

ఇక్కడ కొంచెం సిద్ధాంతం అవసరం. ముందు చక్రాలకు మూడు ముఖ్యమైన వాలులు ఉంటాయి. మొదటిది టో. రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరాన్నీ, వెనుక అంచుల మధ్య దూరాన్నీ కొలిస్తే ఆ రెంటికీ ఉండే తేడా ఇది. చక్రాలు మోకాళ్ళు దగ్గరపెట్టినట్టు ముందు కలిసి ఉంటే టో-ఇన్, ముందు విచ్చుకుని ఉంటే టో-అవుట్. రెండోది క్యాంబర్. ముందు నిలబడి చూస్తే చక్రం నిట్టనిలువుగా ఉందా, పైభాగం లోపలికో బయటికో ఒరిగిందా అన్నది. మూడోది క్యాస్టర్. చక్రం మలుపు తిరిగేటప్పుడు ఏ కింగ్ పిన్ను చుట్టూ తిరుగుతుందో ఆ పిన్ను పైకొస కొద్దిగా వెనక్కు వాలి ఉండడం. సైకిలు ముందు ఫోర్కు వాలును చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. ఈ వాలు వల్లనే, మలుపు తిరిగిన చక్రం చేయి సడలించగానే తనంతట తాను తిన్నబడుతుంది.

టో ఎంత చిన్న విషయమో, ఎంత పెద్ద నష్టమో ఒక లెక్క చెప్తుంది. టైరు వ్యాసం 70 సెంటీమీటర్లు అనుకుందాం. రెండు చక్రాలూ కలిసి 6 మిల్లీమీటర్లు బయటికి విచ్చుకున్నాయనుకుందాం. ఒక్కో చక్రం వాటా 3 మిల్లీమీటర్లు. అంటే ప్రతి 700 మిల్లీమీటర్లకు 3 మిల్లీమీటర్ల చొప్పున ఆ చక్రం పోదలచిన దారి వేరు, బండి దాన్ని ఈడ్చుకుపోతున్న దారి వేరు. ఈ లెక్కన కిలోమీటరుకు సుమారు 4.3 మీటర్లు, వంద కిలోమీటర్లకు 430 మీటర్లు ఆ టైరు అడ్డంగా ఈడ్చుకుపోబడుతుంది. కుడి టైరు ఒక దిక్కుకు, ఎడమ టైరు ఎదురు దిక్కుకు. రబ్బరు అరగక ఏం చేస్తుంది? బియ్యపు గింజ పొడవంత తేడా ఒక కుటుంబం రాబడిని ఎట్లా తినివేయగలదో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

అరుగుదలకు ఒక భాష ఉంది. చదవడం వచ్చినవాడికి టైరు చాలా చెప్తుంది. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువ. నడుమ అరిగితే గాలి ఎక్కువ. ఒకే అంచు నున్నగా అరిగితే క్యాంబర్ మీద అనుమానం. రంపం పళ్ళు లేస్తే టో. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్సార్బరో బేరింగో, చక్రం బరువు సమంగా లేకపోవడమో. మా అక్క కొడుకు బండి టైరు లోపలి అంచున అరిగింది, రంపం పళ్ళూ ఉన్నాయి. అంటే టో-అవుట్ ఉంది, ఎడమ చక్రానికి దానితోపాటు క్యాంబర్ తప్పు కూడా ఉంది. ఇంతవరకు నాలుగు షాపులకూ తెలుసు. కాని టో-అవుట్ ఎందుకు వచ్చింది, సరిచేసినా ఎందుకు నిలవడం లేదు అనే రెండు ప్రశ్నలు మిగిలిపోయాయి.

ఆ ప్రశ్నలు వేసినవాడు జమ్మలమడుగులో రోడ్డు పక్క రేకుల షెడ్డులో పనిచేసే ఒక ముసలి మేస్త్రి. బండిని ఆయన దగ్గరికి తీసుకుపోయినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఆయన టేపు ముట్టుకోలేదు. మొదట నాలుగు టైర్ల సైజూ గాలీ చూశాడు. తర్వాత ముందు భాగాన్ని జాకీ మీద ఎత్తించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. ఎడమ చక్రం టకటకమంది. బ్రేకు తొక్కి పట్టమని మళ్ళీ ఊపాడు. బ్రేకు తొక్కినప్పుడు చప్పుడు ఆగితే వదులు బేరింగులో ఉన్నట్టు, ఆగకపోతే కింగ్ పిన్నులో ఉన్నట్టు. ఆగలేదు. ఆ తర్వాత చక్రాన్ని పక్కలకు పట్టుకుని ఊపి, టై రాడ్డు కొసలను వేళ్ళతో తాకి చూశాడు. అవి కూడా అరిగిపోయి ఉన్నాయి. బండిని దించి, ముందు చక్రాల నడుమ కూర్చుని లోపలి నుంచి తన మనిషి చేత గట్టిగా తోయించాడు. అప్పుడు మొదటిసారి టేపు పెట్టాడు. తోయకముందూ తోసిన తర్వాతా కొలతలో 7 మిల్లీమీటర్లు తేడా వచ్చింది.

"నాలుగు మాట్లు అలైన్‌మెంటు చేసినారంటివి గదా అబ్బీ. ఇంత వదులు పెట్టుకోని ఏం అలైన్‌మెంటు? నిలబడని బిడ్డకు కొలత తీసి చొక్కా కుట్టినట్ల ఉంది," అన్నాడు మేస్త్రి.

ఈ మాటలో పూర్తి యంత్రశాస్త్రం ఉంది. వెనుక చక్రాలు తోసే బండిలో, రోడ్డు ముందు చక్రాలను వెనక్కు నెట్టుతూ ఉంటుంది. కొసల్లో వదులు ఉంటే ఆ నెట్టుడుకు చక్రాలు ముందువైపు విచ్చుకుంటాయి. బండి నిలబడి ఉన్నప్పుడు కొలత ఒకటి, నడిచేటప్పుడు కొలత ఇంకొకటి. షాపులో సరిచేసింది నిలబడ్డ బండిని. టైరును తిన్నది నడిచే బండి. ఇక ఎడమ కింగ్ పిన్ను బుష్షులు అరిగినందువల్ల బండి బరువుకు ఆ చక్రం పైభాగం లోపలికి ఒరిగింది. లోపలి అంచు మరింత అరగడానికి అదీ కారణం.

కాని బండి ఎడమకు ఎందుకు లాగుతోంది? స్టీరింగు ఎందుకు కుడికి పట్టుకోవలసి వస్తోంది? దీనికోసం మేస్త్రి నేల మీదికి దిగాడు. నున్నటి సిమెంటు గచ్చు మీద బండిని నిలిపి, చాసిస్ మీద రెండువైపులా ఒకే చోట ఉండవలసిన రంధ్రాల నుంచి తాపీపనివాళ్ళ తూకం గుండు వేలాడదీసి, గుండు మొన తగిలిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. బండిని పక్కకు నెట్టిన తర్వాత గచ్చు మీద మిగిలింది చాసిస్ నీడ వంటి ఒక పటం. మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టాడు. తిన్నగా ఉన్న చాసిస్‌లో ఈ రెండు కొలతలూ సమానంగా ఉండాలి. పదవ తరగతి పిల్లవాడికి కూడా తెలిసిన రేఖాగణితం ఇది. కొలతలు సమానంగా లేవు. ఎడమ ముందు మూల కొద్దిగా వెనక్కు పోయి ఉంది. చక్రాల నడుమ దూరం కొలిస్తే, ఎడమ పక్క ముందు చక్రం వెనుక చక్రానికి 22 మిల్లీమీటర్లు దగ్గరగా ఉంది. అంటే ముందు ఇరుసు మొత్తం ఎడమవైపుకు మొగం తిప్పుకుని ఉంది. బండి ఎడమకు లాగడంలో వింత ఏముంది?

ఎడమ కమాను కట్టను విప్పితే మిగతా కథ బయటపడింది. పట్టీలన్నిటినీ కలిపి, ఇరుసు కదలకుండా గురిగా నిలిపే సెంటర్ బోల్టు తెగిపోయింది. యూ బోల్టుల బిగువు మీద మాత్రమే ఇరుసు నిలబడి, కొద్దికొద్దిగా వెనక్కు జరిగింది. కమాను కట్ట ముందు కొసను పట్టుకునే బ్రాకెట్టు దగ్గర చాసిస్ కూడా లోపలికి నొక్కుకుపోయి, పైన రంగు పూసి ఉంది. బండి ఎప్పుడో దేన్నో గట్టిగా కొట్టింది. అమ్మినవాడు ఆ సంగతి చెప్పలేదు.

ఇప్పుడు మరమ్మతు వరుస చూడండి. కింగ్ పిన్నులు, బుష్షులు, టై రాడ్డు కొసలు కొత్తవి. సెంటర్ బోల్టు, యూ బోల్టులు కొత్తవి. ఇరుసును దాని స్థానానికి తెచ్చిన తర్వాత 22 మిల్లీమీటర్ల తేడా 6కు దిగింది. కింగ్ పిన్ను వాలు రెండువైపులా సరిపోయేటట్టు కమాను కట్టకూ ఇరుసుకూ మధ్య ఒక పక్క సన్నగా ఒక పక్క మందంగా ఉండే పలక పెట్టాడు. ఆ తర్వాతనే టో. దానికి ఆయన పద్ధతి ఇది: చక్రాన్ని ఎత్తి తిప్పుతూ టైరు నడుమ ఒక సన్నటి గీత గీశాడు. బండిని దించి, కొంతదూరం ముందుకు నెట్టి నిలిపాడు. ముందువైపు గీతల మధ్య దూరం కొలిచి, బండిని సరిగ్గా అర్ధచుట్టు ముందుకు నెట్టి, అవే గుర్తులు వెనకవైపుకు వచ్చినప్పుడు మళ్ళీ కొలిచాడు. అవే గుర్తులు కావడం ముఖ్యం. రిమ్ములో వంకర ఉన్నా అది రెండు కొలతల్లోనూ సమంగా ఉండి కొట్టివేయబడుతుంది. చిట్టచివర డ్రాగ్ లింకు పొడవు సరిచేసి స్టీరింగు పెట్టెను దాని నడిమధ్య స్థానానికి తెచ్చి, మూడోషాపువాడు జరిపిన స్టీరింగు చక్రాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు. ఆ షాపువాడికి మొదటి పని ఏదో, ఈయనకు అది చివరి పని.

ఒక విషయంలో మా అక్క కొడుక్కూ మేస్త్రికీ వాదన జరిగింది. గ్యాసుతో కాల్చి చాసిస్ బ్రాకెట్టునూ, కొద్దిగా వంగిన టై రాడ్డునూ తిన్నగా చేస్తే కొత్త సామాను ఖర్చు తగ్గుతుంది గదా అని ఇతని ప్రశ్న. మేస్త్రి ఒప్పుకోలేదు. టై రాడ్డు కొత్తది తెమ్మన్నాడు. స్టీరింగు చేతులకూ టై రాడ్డుకూ నిప్పు చూపించనన్నాడు. కారణం ఇది: ఇట్లాంటి ఉక్కు భాగాలను పోత తర్వాత, సుత్తిదెబ్బ తర్వాత ఒక లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చి బలం ఇస్తారు. ఎర్రగా కాల్చి మనం వంపు తీస్తే ఆకారం తిరిగి వస్తుంది, బలం రాదు. కంటికి తిన్నగా కనిపించే ఆ కడ్డీ బరువు మీద ఒకనాడు గుంటలో పుటుక్కున తెగితే స్టీరింగుకూ చక్రానికీ సంబంధం ఉండదు. "ఆ పొద్దు బండెనక అరటితోట కూలోళ్ళుంటారు అబ్బీ. నీ టైర్లు గాదు అప్పుడు లెక్క," అన్నాడు మేస్త్రి. సరుకు బండిలో మనుషులను ఎక్కించకూడదని చట్టం ఉంది. గెలలు కోసిన ఆడమనుషులు పొద్దుగూకినాక ఊరికి చేరడానికి బస్సు మాత్రం లేదు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: ఇప్పుడు కంప్యూటరు యంత్రాలు ఉండగా దారం, గుండు, సుద్దముక్క అని పాతకాలపు పద్ధతులను పొగడడం అభివృద్ధి నిరోధకం కాదా? కాదు, నేను దారాన్ని పొగడడం లేదు. యంత్రం కొలత దారం కొలత కంటే సూక్ష్మమైనది, త్వరితమైనది. దాన్ని వద్దన్నవాడు మూర్ఖుడు. కాని యంత్రం చక్రం ఎటు చూస్తోందో చెప్తుంది. ఎందుకు అటు చూస్తోందో చెప్పదు. ఆ రెండో పని మనిషిది. యంత్రం ముందు నిలబడ్డ కుర్రవాడికి అరగంటకొక బండి ముగించాలని యజమాని లెక్క పెడితే, అతను బండిని జాకీ మీద ఎత్తి ఊపి చూసే పని మానేస్తాడు. తెరమీద ఎర్ర అంకె పచ్చగా మారితే చాలు. లోపం యంత్రానిది కాదు, కుర్రవాడిది కాదు. శ్రమను ముక్కలు చేసి, ఆలోచించే ముక్కను ఖర్చుకింద కొట్టివేసిన పద్ధతిది.

శ్రామికుడి ఆలోచనకు దక్కే గుర్తింపు ఎట్లాంటిదో చక్రాల చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ తిరగాలి, ఎందుకంటే అది చిన్న వృత్తం మీద పోతుంది. రెండు చక్రాలూ ఇట్లా వేరువేరు కోణాల్లో తిరిగే అమరికను 1817లో మ్యూనిచ్‌లో గుర్రపు బండ్లు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టాడు. ఇంగ్లండులో అతని తరఫున 1818లో పేటెంటు తీసుకున్నవాడు లండన్‌లో బొమ్మలూ పుస్తకాలూ ప్రచురించే రుడాల్ఫ్ అకర్‌మన్. ఇవాళ ఇంజనీరింగు పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ ఆ అమరిక పేరు అకర్‌మన్. బండి చేసినవాడి పేరు పోయింది, కాగితం మీద సంతకం చేసినవాడి పేరు నిలిచింది. జమ్మలమడుగు మేస్త్రి, జిడ్డు పూసిన రేకుల మీద చక్రాలను పెట్టి ఎడమకు తిప్పినప్పుడు ఎంత కోణమో కుడికి తిప్పినప్పుడూ అంతేనా అని చూస్తున్నప్పుడు, ఆయన లాంకెన్‌స్పెర్గర్ పనినే కొనసాగిస్తున్నాడు. పేర్లు రెండూ ఆయనకు తెలియవు. పాఠ్యపుస్తకం చదివిన మనకు మాత్రం తప్పుడు పేరు తెలుసు.

రెండో ఆక్షేపణ మరింత బలమైనది. అసలు వంకర చాసిస్‌లో ఆగుతుందా? బండి కాగితాల్లో రాసిన బరువు టన్నుంపావు. తోట దగ్గర ఎక్కించేది రెండు, రెండున్నర. తక్కువ ఎత్తుకుంటానంటే వ్యాపారి ఇంకో బండిని పిలుస్తాడు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయల జుర్మానా, మించిన ప్రతి టన్నుకూ మరో 2,000. నడిపినవాడితోపాటు నడిపించినవాడూ శిక్షార్హుడేనని ఆ సెక్షనులోనే ఉంది. నేను చూసినంతలో మాత్రం చలానా బండి నంబరు మీదనే వస్తుంది. సరుకు యజమాని గుమ్మం తొక్కదు.

ఇక రోడ్డు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టూ పెన్నా కుందూ లోయలో నల్లరేగడి నేలలు ఎక్కువ. ఆ మన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి కుంగుతుంది. దానిమీద వేసిన రోడ్డు అలలు తేలి, అంచులు విరుగుతుంది. ఆ విరుగుడును పూర్తిచేసేవి పెద్ద లారీలు. ఎర్రగుంట్ల సిమెంటు, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం బూడిద, నాపరాళ్ళు - ఇవన్నీ ఈ రోడ్ల మీదనే పోతాయి. ఇరుసు బరువుకూ రోడ్డు నష్టానికీ సంబంధాన్ని అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా లారీలు నడిపి పరీక్షించారు. నష్టం ఉజ్జాయింపుగా బరువు నాలుగవ ఘాతం చొప్పున పెరుగుతుందని తేలింది. అంటే రెండు టన్నుల ఇరుసు కంటే పది టన్నుల ఇరుసు ఐదు రెట్లు బరువైతే, రోడ్డుకు చేసే హాని 625 రెట్లు. రోడ్డును విరిచేది పెద్ద ఇరుసు. విరిగిన రోడ్డు గుంటలో సెంటర్ బోల్టు తెగేది చిన్న బండిది. కంతులు కట్టేది బోరు ఎండిన రైతు కొడుకు.

ఈ గొలుసు మొత్తం నిజమే. కాని దీన్నుంచి కొందరు మిత్రులు తీసే తీర్మానం నిజం కాదు. వ్యవస్థ వంకరగా ఉన్నప్పుడు టై రాడ్డు తిప్పి ఏం ప్రయోజనం అంటారు వాళ్ళు. వ్యవస్థను మార్చేదాకా కింగ్ పిన్ను వదులుగానే ఉండనివ్వాలా? ఆ బండి వెనుక కూర్చున్న కూలీల ప్రాణాలు ఏ విప్లవానికి తనఖా పెట్టాలి? టో మాత్రమే తిప్పి డబ్బు తీసుకున్న షాపువాడూ, టో తిప్పడం వృథా అని చేతులు కట్టుకున్న సిద్ధాంతకర్తా ఎదురుబొదురు నిలబడినట్టు కనిపిస్తారు గాని, ఇద్దరిదీ ఒకటే లోపం. ఇద్దరూ బండి కిందికి దిగలేదు. మొదటివాడు కారణాన్ని చూడడు. రెండోవాడు కారణం చూసి పనిని చూడడు.

ఈ ప్రశ్న మా ఇంట్లో సిద్ధాంతంగా రాలేదు. మరమ్మతుకు ముందు ప్రొద్దుటూరులో ఒక దళారి మా అక్క కొడుక్కు సలహా ఇచ్చాడు. చవక టైర్లు వేసి, స్టీరింగు తిన్నగా పెట్టి, ఇంకోసారి రంగు కొట్టిస్తే బండికి మంచి ధర తెస్తానన్నాడు. మేస్త్రి చెప్పిన ఖర్చు ఒకపక్క, ఈ ఆశ ఒకపక్క. రెండు రోజులు ఇంట్లో ఇదే మాట. "నాకు అమ్మినోడు నాకు చెప్పినాడా మామా? నేను మాత్రం ఎందుకు చెప్పల్ల?" అన్నాడు. ఇది దుర్మార్గుడి మాట కాదు, అప్పులో ఉన్నవాడి మాట. నీతి ఉపన్యాసం దీనికి జవాబు కాదు. నేను అతనితో లెక్క మాట్లాడాను. ఈ బండిని కొనేవాడు ఎవడు? సేటు కొనడు, సిమెంటు ఫ్యాక్టరీ కొనదు. ఇంకో బోరు ఎండినవాడు కొంటాడు. ఎవడో పైవాడు మన నెత్తిన పెట్టిన వంకరను మనం పక్కవాడి నెత్తికి మారుస్తాం. పైవాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బీదవాళ్ళు ఒకరినొకరు మోసం చేసుకునేంతకాలం నష్టం వాళ్ళ మధ్యనే తిరుగుతూ ఉంటుంది. అతను ఆ రాత్రి బదులు చెప్పలేదు. మూడోనాడు కమ్మలు కుదువపెట్టి మేస్త్రికి బయానా ఇచ్చింది మా అక్క.

మరమ్మతు జరిగి ఇప్పటికి ఏడాది దాటింది. ముందు టైర్లు సమంగా అరుగుతున్నాయి. మిగిలిన 6 మిల్లీమీటర్లు మిగిలే ఉన్నాయి. చాసిస్‌ను పెద్ద ప్రెస్సు మీద పెట్టి లాగించే స్తోమత లేదు, ఆ సంగతి మేస్త్రి ముందే చెప్పాడు. "అది బండితోనే పోతాది," అన్నాడు. బండి ఇంకా సన్నగా ఎడమకు మొగ్గుతుంది, స్టీరింగు మీద చేయి ఉంటే తెలియదు. ఎనిమిదేళ్ళు దాటిన సరుకుల బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. అది కూడా గడిచింది. బరువు సంగతి అంత తేలికగా తేలలేదు. అతనొక్కడే తక్కువ ఎత్తుకుంటానంటే కిరాయి పోతుంది. ఈ మధ్య పులివెందుల వైపు పికప్ డ్రైవర్లు కొందరు ఒకచోట కూర్చుని, ఇన్ని గెలలకు మించి ఎవరూ ఎక్కించుకోకూడదని ఒక మాట అనుకున్నారు. ఆ మాట ఎంతకాలం నిలుస్తుందో, వ్యాపారి వాళ్ళలో ఎవరిని విడదీస్తాడో చూడాలి.

చాసిస్ వంకర ఒక మేస్త్రి చేతికి లొంగుతుంది, కొంతవరకు. బరువు వంకర ఒక్కడి చేతికి లొంగదు. అది పదిమంది కలిసి కూర్చుంటేనే కదులుతుంది. రోడ్డు వంకరకు ఇంకా పెద్ద సంఖ్య కావాలి. ఏ వంకరకు ఎంతమంది చేతులు కావాలో తెలుసుకుని, చిన్నదాన్ని పెద్దదాని పేరు చెప్పి వాయిదా వేయకుండా, పెద్దదాన్ని చిన్నదానితో కప్పిపుచ్చకుండా పని వరుస నిర్ణయించుకోవడం నేర్వాలి. జమ్మలమడుగు మేస్త్రి వరుసలో టో చివరిది. ఆయన ఏనాడూ దాన్ని మొదట తిప్పలేదు. అట్లాగని తిప్పకుండా ఏ బండినీ షెడ్డు దాటించలేదు.